పిక్కలో సూది, పెదవి మీద నవ్వు

ఫ్రెంచి చిత్రకారుడు ఎడ్గార్ డెగా 1882 ప్రాంతంలో వేసిన ఒక పేస్టల్ చిత్రం పేరు 'నిరీక్షణ'. బల్ల మీద ఇద్దరు ఆడవాళ్లు పక్కపక్కన కూర్చుని ఉంటారు. నల్లబట్టల్లో ఉన్న ఒకామె చేతిలో గొడుగు ఉంటుంది. రెండో ఆమె బ్యాలే నర్తకి. ముందుకు బాగా వంగి తన చీలమండను చేత్తో పట్టుకుని నొక్కుకుంటూ ఉంటుంది. ఆమె ముఖం మనకు దాదాపు కనిపించదు. డెగా నర్తకుల బొమ్మలు వందల కొద్దీ వేశాడు. వాటిలో రంగస్థలపు వెలుగులో తేలిపోతున్న వాళ్లకంటే, తెర వెనక ఆవలిస్తూ, ఒళ్లు విరుచుకుంటూ, కాళ్లు పిసుక్కుంటూ ఉన్నవాళ్ల దగ్గరే నా చూపు ఎక్కువసేపు ఆగుతుంది.

బ్యాలే చరిత్ర రాసినవాళ్లు నృత్యదర్శకుల పేర్లు, సంగీతకర్తల పేర్లు, ప్రసిద్ధ నర్తకుల జీవితాలు విపులంగా రాశారు. వైద్య చరిత్ర రాసినవాళ్లు మందులు, శస్త్రచికిత్సలు, కనిపెట్టిన మగవాళ్ల గురించి రాశారు. ఆ నర్తకి చెయ్యి కాలి మీదికి ఎందుకు వెళ్లిందన్న ప్రశ్న ఈ రెండు చరిత్రలకీ మధ్య ఎక్కడో జారిపోయింది. ఇవాళ అలాంటి నర్తకి పిక్క నొప్పితో ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్తే, మందేమీ లేని సన్నటి సూదిని కండరంలోకి గుచ్చి తీసే చికిత్స చేయవచ్చు. దాన్ని డ్రై నీడ్లింగ్ అంటారు. ఈ సూది ఆ పిక్క దాకా ఎలా వచ్చింది, దారిలో ఎవరి నొప్పిని నమ్మింది, ఎవరి నొప్పిని పక్కన పెట్టింది అన్నది చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

తేలికదనం వెనక బరువు

మన భాషలో పిక్కబలం చూపించడమంటే పారిపోవడం. బ్యాలే నర్తకికి పిక్కబలం కావలసింది నిలబడటానికి. మడమలు పైకెత్తి కాలివేళ్ల మీద నిలబడే ప్రతిసారీ శరీరం బరువంతా ఎత్తేది పిక్క కండరాలే. పైకి ఉబ్బెత్తుగా కనిపించే గ్యాస్ట్రోక్నీమియస్, దాని కింద పలకలా పరుచుకుని ఉండే సోలియస్, ఈ రెండూ కలిసి మడమ వెనక గట్టి తాడులా చేతికి తగిలే ఎకిలిస్ టెండన్‌గా మారి మడమ ఎముకను పట్టుకుంటాయి. ఇంకా లోపల, బొటనవేలిని కిందికి వంచే కండరం ఒకటి ఉంది. వేళ్ల కొనల మీద నిలిచే నర్తకిలో దాని టెండన్ మీద పడే భారం ఎంత అంటే, నృత్య వైద్యులు దాన్ని పాదానికి ఎకిలిస్ టెండన్ అని పిలుస్తారు. ఎగిరి దిగేటప్పుడు ఆ అదురునంతా మింగి, చప్పుడు కాకుండా నేలను తాకనిచ్చేది కూడా పిక్కలే.

ఈ భారం ఆడవాళ్ల కాళ్ల మీదికి ఎప్పుడొచ్చిందో చెప్పుకోవడానికి ఒక తేదీ ఉంది. 1832 మార్చి 12న పారిస్ ఒపేరాలో మారీ టాల్యోనీ 'లా సిల్ఫీడ్' ప్రదర్శించింది. వేళ్ల కొనల మీద నిలబడటం అంతకుముందు లేకపోలేదు. అయితే అప్పటిదాకా అది ఒక సాహస విన్యాసం. టాల్యోనీ దాన్ని ఒక అందమైన అబద్ధంగా మార్చింది. ఆమె ఆడిన సిల్ఫీడ్ గాలిలో పుట్టిన కన్య. ఆ కన్యకు బరువు లేదు, చెమట లేదు, ఆకలి లేదు. ఆ పాత్రను కూర్చినవాడు ఆమె తండ్రి ఫిలిప్పో. 1822లో వియన్నాలో కూతురు మొదటిసారి వేదిక ఎక్కడానికి ముందు ఆయన ఆరు నెలలపాటు రోజుకు ఆరేసి గంటలు సాధన చేయించాడు. అప్పటికి గట్టి ముక్కు ఉన్న బ్యాలే బూట్లు లేవు. టాల్యోనీ వేసుకున్నవి మెత్తని శాటిన్ జోళ్లు. వేళ్ల దగ్గర, పక్కల దారంతో దట్టంగా కుట్లు వేసుకోవడమే వాటికి బలం. మిగతా బలమంతా పాదానిది, పిక్కది.

పందొమ్మిదో శతాబ్దం చివరికి ఇటలీలో బూటు ముక్కు గట్టిపడింది. దాంతో నర్తకి నుంచి కోరేదీ పెరిగింది. 1895లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 'స్వాన్ లేక్' ప్రదర్శిస్తూ ఇటాలియన్ నర్తకి పియరీనా లెన్యానీ ఒంటికాలి మీద వరసగా 32 సార్లు గిర్రున తిరిగింది. తిరిగిన ప్రతిసారీ నేల మీదున్న కాలు మోకాలి దగ్గర వంగి, మళ్లీ వేళ్ల కొన మీదికి లేవాలి. అంటే ఒకే పిక్క 32 సార్లు శరీరాన్ని ఎత్తాలి. ఒకరు ఒకసారి చేసి చూపిన అద్భుతం తర్వాతి తరాల నర్తకులందరికీ పరీక్షగా మారింది. నూటపాతికేళ్లు దాటినా ఆ 32 చుట్లను లెక్కపెట్టే ప్రేక్షకులున్నారు.

నవ్వుతూ ఈ పని చేయాలన్నది షరతు. శ్రమ కనిపించకూడదు. ఇంటి పనిని పనిగా చూడకపోవడం గురించి మనం ఎన్నో ఏళ్లుగా మాట్లాడుకుంటున్నాం. బ్యాలేలో ఇంకో అడుగు ముందుకు వేశారు. కష్టాన్ని కనపడకుండా దాచడమే అక్కడ కళకు కొలమానం అయింది.

ఆ శ్రమ చేసినవాళ్లు ఎవరు? పారిస్ ఒపేరాలో నృత్యం నేర్చుకునే చిన్నపిల్లల్ని 'ఎలుకపిల్లలు' అని పిలిచేవారు. ఎక్కువమంది పేద కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు. వేదిక వెనక సాధన గదిలోకి డబ్బున్న మగ చందాదారులకు ప్రవేశం ఉండేది. వాళ్లు అక్కడికి ఎందుకు వచ్చేవారో ఆ కాలపు నవలలూ కార్టూన్లూ దాచకుండా చెప్పాయి. డెగా 1881లో ప్రదర్శించిన 'పద్నాలుగేళ్ల చిన్న నర్తకి' మైనపు బొమ్మకు నమూనాగా నిలబడిన మారీ వాన్ గోథెమ్ ఒక చాకిరేవు మనిషి కూతురు. ఆ బొమ్మ ముఖంలో విమర్శకులకు కోతి కనిపించింది, నేరస్వభావం కనిపించింది. మరుసటి ఏడాది, సరిగా హాజరు కావడం లేదని ఒపేరా ఆ పిల్లను తీసేసింది. ఆ తర్వాత ఆమె చరిత్రలో కనిపించదు. ఆమె కాళ్లు నొప్పెట్టాయా అని ఎవరూ రాసిపెట్టలేదు.

నొప్పికి పేరు పెట్టిన డాక్టరమ్మ

అదే పారిస్‌లో, అదే సంవత్సరాల్లో, సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో డాక్టర్ షార్కో హిస్టీరియా రోగుల్ని విద్యార్థుల ముందు, ఊళ్లోని పెద్దమనుషుల ముందు ప్రదర్శించేవాడు. కాళ్లూ చేతులూ బిగుసుకుపోయిన ఆడవాళ్లు వాళ్లలో ఉండేవారు. హిస్టీరియా మగవాళ్లకూ వస్తుందని షార్కో స్వయంగా రాశాడు. అయినా ఆ మాట ఆడవాళ్లకే అంటుకుంది. ఎక్స్‌రేలో కనిపించని, రక్తపరీక్షకు దొరకని నొప్పి మనసులోంచి పుట్టిందేనన్న అనుమానం ఇరవయ్యో శతాబ్దంలోకి కూడా కొనసాగింది. కండరం నొప్పి సరిగ్గా ఆ కోవలోకే వస్తుంది. ఎముక విరిగితే ఫోటో ఉంటుంది. కండరం బిగుసుకుంటే దానికి సాక్ష్యం రోగి మాట, డాక్టరు వేలి కొస. రోగి మాటను నమ్మని చోట వేలు పెట్టి చూసే ఓపిక ఎక్కడినుంచి వస్తుంది?

ఈ పరిస్థితిని మార్చడానికి పనిచేసినవాళ్లలో జానెట్ ట్రావెల్ ముఖ్యురాలు. 1901లో న్యూయార్క్‌లో పుట్టింది. తండ్రి డాక్టరు. 1926లో కార్నెల్‌లో వైద్యవిద్య పూర్తిచేసి, అక్కడే ఔషధశాస్త్రం బోధించింది. 1930ల చివర్లో తనకే భుజమూ చెయ్యీ విపరీతంగా నొప్పి పుట్టి, తన కండరాలను తానే తడిమి చూసుకోవడంతో ఆమె పరిశోధన మొదలైంది. ప్రాణాల మీదికి తెచ్చే ఊపిరితిత్తుల జబ్బుతో ఉన్న రోగులు సైతం భుజం నొప్పి గురించే ఎక్కువగా మొరపెట్టుకోవడం ఆమె గమనించింది. వాళ్లను నొక్కి చూస్తే కండరంలో ఒకచోట ముడిలాంటిది తగిలేది. దాన్ని నొక్కితే నొప్పి అక్కడ కాక ఇంకోచోట తెలిసేది.

నొప్పి పుట్టేచోటు ఒకటి, తెలిసేచోటు మరొకటి కావచ్చన్నది పూర్తిగా కొత్త సంగతేమీ కాదు. 1938లో లండన్‌లో కెల్‌గ్రెన్ అనే డాక్టరు కండరాల్లోకి ఉప్పునీరు ఎక్కించి నొప్పి ఎక్కడెక్కడికి పాకుతుందో నమోదు చేశాడు. ట్రావెల్ ఆ దారిలో జీవితమంతా నడిచింది. ఆ బిగుసుకున్న చోట్లకు ట్రిగ్గర్ పాయింట్లు అన్న పేరు స్థిరపడింది ఆమె వల్లే. 1942లో సహచరులతో కలిసి ఆమె ప్రచురించిన వ్యాసంలో ఆ చోట్లలోకి ప్రొకేన్ అనే మత్తుమందు ఎక్కించే పద్ధతి ఉంది. 1955లో జాన్ కెనడీ నడుం నొప్పితో ఆమె దగ్గరికి వచ్చాడు. 1961లో ఆయన అధ్యక్షుడయ్యాక ఆమె వైట్‌హౌస్‌లో అధ్యక్షుడి వ్యక్తిగత వైద్యురాలైంది. ఆ పదవిలోకి వచ్చిన మొదటి స్త్రీ ఆమే.

మనకు కావలసింది అధ్యక్షుడి నడుం కాదు, నర్తకి పిక్క. డేవిడ్ సైమన్స్‌తో కలిసి ట్రావెల్ రాసిన ట్రిగ్గర్ పాయింట్ల గ్రంథం మొదటి సంపుటి 1983లో, నడుం కింది భాగానికి చెందిన రెండో సంపుటి 1992లో వచ్చాయి. అప్పటికి ఆమెకు తొంభై ఏళ్లు దాటాయి. ఒక్కొక్క కండరానికీ ఒక అధ్యాయం, ఒక బొమ్మ, ఒక మారుపేరు. గ్యాస్ట్రోక్నీమియస్‌ను 'పిక్క పట్టేసే కండరం' అన్నారు. అందులో బిగువు ఉంటే నొప్పి పాదం వంపులో కూడా తెలుస్తుంది. సోలియస్‌లో ఉంటే మడమలో తెలుస్తుంది. అంటే పాదం నొప్పి అని వచ్చిన నర్తకికి పాదం ఎక్స్‌రే తీసి, ఏమీ లేదు పొమ్మని పంపేస్తే అసలు నొప్పి పిక్కలోనే ఉండిపోతుంది. ఏమీ లేదన్న మాట విని ఇంటికి తిరిగొచ్చిన ఆడవాళ్లు మన చుట్టూ ఎంతమంది! ఆ మాటకు అడ్డంగా ట్రావెల్ రెండు సంపుటాల పటాలు గీసింది. ఆమె పని విలువ నాకు అక్కడ కనిపిస్తుంది.

ఆమె సిద్ధాంతం మీద తగాదా లేకపోలేదు. ట్రిగ్గర్ పాయింట్ అనేది నిజంగా కండరంలో ఉన్న గాయమా, లేక నాడీవ్యవస్థ చేసే గారడీయా అని ప్రశ్నించినవాళ్లున్నారు. 2015లో క్వింట్నర్, మరి ఇద్దరు పరిశోధకులు ఈ భావననే గట్టిగా ఖండిస్తూ రాశారు. నొప్పి ఉందన్న దాంట్లో వాళ్లకు పేచీ లేదు. అది ఎక్కడినుంచి వస్తుందన్న దాంట్లోనే ఉంది.

మందు పోయి సూది మిగిలింది

కండరంలోకి మందు ఎక్కించినప్పుడు పనిచేసింది మందా, సూదా? 1940లలోనే కొందరు డాక్టర్లకు ఈ సందేహం వచ్చింది. దానికి ప్రసిద్ధమైన సమాధానం 1979లో చెకోస్లొవేకియా డాక్టరు కారెల్ లెవిట్ ఇచ్చాడు. 241 మంది రోగుల్లో 312 నొప్పి చోట్ల మందు లేకుండా ఒట్టి సూది గుచ్చితే, 86.8 శాతం సందర్భాల్లో వెంటనే నొప్పి తగ్గిందని రాశాడు. అయితే తర్వాత కూడా గమనించిన 288 చోట్లలో శాశ్వతంగా తగ్గినవి 92 మాత్రమే. ఈ వ్యాసంలో మొదటి అంకెను ఉదహరించేవాళ్లే ఎక్కువ. నర్తకి కాలికి రెండో అంకె ముఖ్యం.

1980లో మరో అధ్యయనం వచ్చింది. కెనడాలో, వాంకూవర్ నగరంలో, చాన్ గన్ అనే డాక్టరు పనిలో గాయపడిన కార్మికులకు చికిత్స చేసేవాడు. దీర్ఘకాలిక నడుం నొప్పికి మందు లేని సూది పనిచేస్తుందా అని ఆయన బృందం పరీక్షించింది. పాల్గొన్నవాళ్లు 56 మంది, అందరూ మగవాళ్లు. ఆయన చేసిన పనిని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. గనిలోనో కొయ్య మిల్లులోనో నడుం విరగ్గొట్టుకున్న మగవాడు కార్మికుడు. అతని నొప్పికి పరిహారం చట్టం ఉంది, దస్త్రం ఉంది, అధ్యయనం ఉంది. రోజుకు ఏడెనిమిది గంటలు మడమలెత్తి నిలబడే ఆడమనిషి కళాకారిణి. ఆమె నొప్పి ఆమె కళకు ఆమె అర్పించే నైవేద్యం. ఒకే సూది, రెండు రకాల శరీరాలు.

సూది పుట్టుపూర్వోత్తరాల్లో ఇంకొక మౌనం కూడా ఉంది. డ్రై నీడ్లింగ్‌లో వాడేది సన్నటి, బోలు లేని సూది. అది చైనా వైద్యంలోని ఆక్యుపంక్చర్ సూదే. నొప్పి ఉన్నచోటే వెతికి గుచ్చే పద్ధతి ఏడో శతాబ్దపు సున్ సిమియావ్ గ్రంథాల్లోనే ఉంది. ట్రిగ్గర్ పాయింట్లకూ ఆక్యుపంక్చర్ బిందువులకూ 71 శాతం పొంతన ఉందని 1977లో రోనాల్డ్ మెల్‌జాక్ బృందం రాసింది. ఆ లెక్కను తర్వాత ఇతరులు తప్పుపట్టారు. మాది శరీరశాస్త్రం, వాళ్లది శక్తి ప్రవాహాల నమ్మకం, రెండూ వేరని ఫిజియోథెరపిస్టులు అంటారు. సిద్ధాంతం వేరే కావచ్చు. సూదిని మాత్రం తూర్పు నుంచి తీసుకుని, పేరు మార్చి, పడమటి విజ్ఞానమని చెప్పుకోవడం మనకు తెలియని కథేమీ కాదు.

ఇంతకీ నర్తకి పిక్కలో ఏం జరుగుతుంది? ఆమె బోర్లా పడుకుంటుంది. చికిత్స చేసేవాళ్లు వేళ్లతో తడిమి, కండరంలో తాడులా బిగిసిన పోగును పట్టుకుంటారు. పావు మిల్లీమీటరు మందం ఉన్న సూదిని అందులోకి పంపిస్తారు. సరైన చోట తగిలితే కండరం ఒక్కసారి దానంతటదే ఎగిరిపడుతుంది. పిక్క పట్టేసినట్టు క్షణం పాటు నొప్పి. ఆ తర్వాత బిగువు సడలడం, ఒకటి రెండు రోజులు సలపరం. మోకాలి వెనకా, పిక్క లోతుల్లోనూ పెద్ద నరాలు, రక్తనాళాలు ఉంటాయి గనుక శరీరనిర్మాణం బాగా తెలిసిన చెయ్యి కావాలి. కొద్దిరోజులు, కొద్దివారాలపాటు కండరాల నొప్పి తగ్గుతుందనడానికి ఆధారాలున్నాయి. దీర్ఘకాలం మాట వచ్చేసరికి ఆధారాలు బలహీనం. గుచ్చినట్టు నటించే ఉత్తుత్తి సూదితో పోల్చి చూస్తే తేడా చాలాసార్లు చిన్నదే. బ్యాలే నర్తకుల మీద ప్రత్యేకంగా జరిగిన పరిశోధన చాలా తక్కువ.

నొప్పి తగ్గితే ఎవరికి లాభం?

నొప్పి తగ్గడం మంచిదే కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. నొప్పిని పవిత్రం చేయడం నాకిష్టం లేదు. ఆడవాళ్లు ఓర్చుకోవాలని చెప్పే సంస్కృతి మనకు చాలినంత ఉంది. కాకపోతే నొప్పి ఒక కబురు కూడా. పిక్క నొప్పి అనుకున్నది ఒక్కోసారి కాలి ఎముకలో సన్నటి పగులు కావచ్చు, లోపలి సిరలో గడ్డకట్టిన రక్తం కావచ్చు. 1986లో మిషెల్ వారెన్, ఆమె సహ పరిశోధకులు 75 మంది బ్యాలే నర్తకుల్ని పరిశీలించి, ఆలస్యంగా మొదలైన నెలసరి, మధ్యలో ఆగిపోయిన నెలసరి, ఎముకల పగుళ్లు, వెన్ను వంకర, వీటన్నిటి మధ్యా సంబంధం ఉందని చెప్పారు. బరువులేని కన్యలా కనిపించడానికి తిండి మానేసిన శరీరం ఎముకల దగ్గర అప్పు తీరుస్తుంది. అదే ఏడాది న్యూయార్క్ నర్తకి గెల్సీ కర్క్‌లాండ్ తన ఆత్మకథలో ఆకలి, గాయాలు, మత్తుమందుల గురించి బయటపెట్టింది. ఈ నేపథ్యంలో, ఆకలి సంగతి అడగకుండా, నెలసరి సంగతి అడగకుండా, సాయంత్రం ప్రదర్శన ఉంది కాబట్టి పిక్కలో నాలుగు సూదులు గుచ్చి పంపిస్తే అది వైద్యమా, మరమ్మతా?

ఈ ప్రశ్న కెనడీ వైద్యంలోనూ వచ్చింది. 1961 చివర్లో హాన్స్ క్రౌస్ అనే డాక్టరును పిలిపించారు. ఇంజెక్షన్ల మీద బతికే నడుం బలపడదనీ, వ్యాయామంతో కండరాన్ని మళ్లీ నిలబెట్టాలనీ ఆయన వాదన. ట్రావెల్ పక్కకు జరగాల్సి వచ్చింది. ఆమె మీద నాకు ఎంత గౌరవం ఉన్నా ఈ విషయంలో క్రౌస్ మాటే సబబనిపిస్తుంది. సూది తలుపు తెరుస్తుంది. ఆ తర్వాత మెల్లగా కండరాన్ని బలపరచడం, విశ్రాంతి, తిండి ఉంటేనే ఆ తలుపు తెరిచినందుకు ప్రయోజనం. ట్రావెల్ గ్రంథంలో కూడా సూది ఒక్కటే లేదు. కండరాన్ని సాగదీయడం, కూర్చునే తీరు, వేసుకునే చెప్పులు, నొప్పిని మళ్లీ మళ్లీ తెచ్చే అలవాట్లు, వీటికి ఆమె చాలా పేజీలు కేటాయించింది. సూదిని తీసుకుని ఆ పేజీలను వదిలేయడం తర్వాతివాళ్ల తొందర.

నర్తకుల గాయాలకు ప్రత్యేక వైద్యం 1970ల నుంచి రూపుకట్టింది. 1989లో న్యూయార్క్‌లో హార్క్‌నెస్ కేంద్రం, 1990లో అంతర్జాతీయ నృత్య వైద్య సంఘం ఏర్పడ్డాయి. 1996లో బ్రిటన్‌లో వెలువడిన ఒక నివేదిక ప్రతి పదిమంది నర్తకుల్లో సుమారు ఎనిమిది మంది అంతకుముందు ఏడాదిలో గాయపడ్డారని చెప్పింది. అంత మామూలైన గాయాన్ని ఒక్కొక్క నర్తకి దురదృష్టం అనలేం. అది ఆ పని తీరు.

ఈ కథ మనకు మరీ దూరందేమీ కాదు. 1920ల చివర్లో రష్యన్ బ్యాలే నర్తకి అన్నా పావ్లోవాను కలిసిన రుక్మిణీదేవి, ఆమె బృందంలోని క్లియో నోర్డీ దగ్గర బ్యాలే నేర్చుకుని, ఆమె ప్రోత్సాహంతోనే స్వదేశపు నృత్యం వైపు తిరిగింది. 1936లో కళాక్షేత్ర మొదలైంది. 1947 మద్రాసు దేవదాసీ చట్టం నాటికి ఆ నృత్యం తరతరాలుగా ఆడినవాళ్ల కాళ్ల నుంచి అగ్రవర్ణ స్త్రీల కాళ్లకు మారుతూ ఉంది. మారినా, కాళ్లు చేసే చాకిరీ గురించి మన నృత్య సాహిత్యం పెద్దగా మాట్లాడలేదు. కూచిపూడి తరంగంలో పళ్ళెం అంచును కాలివేళ్లతో బిగించి పట్టి నడిచే నర్తకి పిక్కలు ఎంత బిగుసుకుంటాయో ఆమెకే తెలుసు. మన వ్యాసాల్లో రసం ఉంటుంది, భావం ఉంటుంది. సిమెంటు నేల మీద ఉత్తికాళ్లతో వేసిన అడుగుల లెక్క ఉండదు.

2019 డిసెంబరు 24న పారిస్ ఒపేరా నర్తకులు సమ్మెలో ఉండి, చలిలో, ఒపేరా భవనం మెట్ల దగ్గర 'స్వాన్ లేక్' లోంచి ఒక భాగం ఆడారు. 1698 నుంచి వస్తున్న తమ పింఛను పద్ధతిని, 42 ఏళ్లకే విశ్రాంతి తీసుకునే హక్కును ప్రభుత్వం తీసేయబోతోందని వాళ్ల నిరసన. ఎనిమిదేళ్లకు ఈ పనిలోకి వస్తామనీ, పద్దెనిమిదికే మానని గాయాలతో ఉంటామనీ వాళ్లు చెప్పుకున్నారు. మారీ వాన్ గోథెమ్‌ను వెళ్లగొట్టిన సంస్థ నర్తకులే తాము కార్మికులమని నడివీధిలో ప్రకటించుకున్నారన్న మాట.

సూది ఉండాలి. దాన్ని బాగా నేర్చినవాళ్లు ఉండాలి. కాకపోతే సూది ఎప్పుడు గుచ్చాలో, ఎప్పుడు ఇవాళ ఆడను అని చెప్పాలో నిర్ణయించే హక్కు ఆ పిక్క ఎవరిదో వాళ్లకు ఉండాలి. ఆడని రోజుకు కూడా జీతం ఉన్నప్పుడే ఆ హక్కు మాటల్లోంచి బతుకులోకి వస్తుంది. అది లేనంతకాలం ఎంత మంచి చికిత్సయినా నర్తకిని బాగుచేసేదానికంటే ప్రదర్శనను నిలబెట్టేదే ఎక్కువ.